నాంచారయ్య ఉబ్బిన ఫోను

2023 జూన్. బందరు కోనేరు సెంటర్ దగ్గర నా సెల్ రిపేరు షాపు. ఎదురుగా ఒక కంపెనీ సర్వీస్ సెంటర్: అద్దాల తలుపు, ఏసీ, టోకెన్ మిషను. అందులో టెక్నీషియన్ సుధాకర్. గుడివాడలో ఇద్దరం ఒకే బల్ల మీద పని నేర్చుకున్నాం. సోల్డరింగులో నా చెయ్యే నయమని మా గురువుగారు అనేవారు. అయినా ఏసీ అతనికి, దుమ్ము నాకు. పైగా ఒకసారి నా కస్టమర్ ఎదుటే, "రోడ్డు పక్కన విప్పిస్తే ఇంతేనండీ" అన్నాడు. ఆరేళ్ళయింది. ఆ రోజు అతను వేసుకున్న చెప్పులు కూడా నాకు గుర్తే.

పాత ఫోన్లకైతే గోరుతో మూత తీసి బ్యాటరీ మార్చేవాళ్ళం. ఇప్పుడు జిగురుతో అతికించి మూసేస్తున్నారు. కంపెనీ బ్యాటరీ మాలాంటివాళ్ళకు అమ్మరు. అన్నీ సుధాకర్‌కే ఇస్తారని నా ఏడుపు.

ఆ రోజు నాగాయలంక నుంచి నాంచారయ్య వచ్చాడు. సొంత బోటు మీద వేటకెళ్ళే మనిషి. అతని ఫోనులో బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది.

"అద్దాల షాపులో చూపించానండీ. మెయిన్ బోర్డుతో సహా మార్చాలంట. లోపలున్నదంతా పోద్దంట."

"లోపల ఏమున్నాయి?"

"పాయింట్లండీ."

సముద్రంలో చేప ఎక్కడ పడుతుందో, అడుగున మునిగిన బోటుకు వల ఎక్కడ చిక్కుకుంటుందో నాలుగేళ్ళుగా ఫోను జీపీఎస్‌లో పెట్టుకున్న గుర్తులవి. వేట నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుంది. అవి లేకుండా వెళ్తే వల దక్కదు.

"ఇంకెవరి దగ్గరా కాపీ లేదా?"

"మా బావమరిది అడిగాడండీ. ఇస్తే నాకంటే ముందెళ్ళి వల వేసెయ్యడూ?"

ఆ మాట నాకు బాగా అర్థమైంది. సుధాకర్ వదులుకున్న కేసు నా చేతిలో పడిందని సంతోషం కూడా కలిగింది.

ఉబ్బిన బ్యాటరీకి ఇనుప పరికరం గుచ్చుకుంటే మంటే. సన్నగా వేడి చూపి, జిగురు మెత్తబడ్డాక, ప్లాస్టిక్ కార్డుతో గంటసేపు నెమ్మదిగా లేపాను. బయట దొరికే బ్యాటరీ పెడితే ఫోను దాన్ని ఒప్పుకోలేదు, ఛార్జింగ్ ఎక్కలేదు. చివరికి పాత బ్యాటరీ తలమీద ఉండే బీఎంఎస్ అనే చిన్న బోర్డు కోసి, కొత్తదానికి స్పాట్ వెల్డింగ్‌తో అతికించాను. ఫోను బ్యాటరీని గుర్తుపట్టేది ఆ బోర్డుతోనే. ఈసారి ఛార్జింగ్ ఎక్కింది.

స్క్రీన్ వెలగగానే నాంచారయ్య దాని మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు కాస్త అటు తిరగండి."

"నాకు బోటుందా, వలుందా?"

"ఏమోనండీ, రేపు కొనుక్కుంటే?"

తిరిగాను. వెనక నుంచి నవ్వు వినిపించింది. పాయింట్లన్నీ ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ అన్నాడు: "ఆ అద్దాల షాపాయన సరిగ్గానే చెప్పాడండీ. లోపల కెమెరాలున్నాయని మెట్ల దాకా వచ్చి, ఇది చెయ్యగలిగింది మీరొక్కరే అన్నాడు."

నా సంతోషమంతా చప్పబడిపోయింది. నేను లాక్కున్నాననుకున్న కేసు అతను పంపింది. ఆ గొప్ప కూడా అతనికే పోయిందని ఒళ్ళు మండింది.

మర్నాడు టీ బడ్డీ దగ్గర సుధాకరే పలకరించాడు. "పాయింట్లు వచ్చాయా, బావా?"

"వచ్చాయి. నీ దగ్గర బ్యాటరీ పెట్టుకుని నా దగ్గరకెందుకు పంపావు?"

"నాకు మాత్రం విడిగా బ్యాటరీ ఇస్తారా? మెయిన్ బోర్డూ అదీ కలిపి ఒకటే ముక్కగా వస్తుంది. మార్చడమే నా పని. సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోక మూడేళ్ళయింది. నీ పనిబల్ల మీద దీపం చూస్తుంటే కుళ్ళొస్తుంది నాకు. ఆ బ్యాటరీ మీది చిన్న బోర్డు ఎలా మార్చావో ఒకసారి చూపించవా?"

అన్నేళ్ళూ తలుపు నా ఒక్కడి ముఖానే వేశారనుకున్నాను. అది అతని మీద కూడా వేశారని, అతను లోపలివైపు ఉండిపోయాడని ఆ కేసుతోనే తెలిసింది.

చూపిస్తానన్నాను. అయితే ఆదివారం నా షాపుకే రావాలన్నాను. వచ్చాడు. కస్టమర్లందరూ చూస్తుండగా, రోడ్డు పక్కన, స్టూలు మీద కూర్చోబెట్టి నేర్పాను.