మోకాలి కింద జేబు

"...అని నేనెప్పుడన్నాను? ఒక్క ప్యాంటు కుట్లు విప్పమంటే బీరువాలో ఉన్నవన్నీ విప్పేశావు! కట్టు తీసేశారుగా, ఇంకేం వేస్తావు పిల్లకి?"

"ఇవే వేస్తాను. ఏం, బాగాలేవా?"

"బాగానే ఉన్నాయి, గాలిపటాల్లా."

ఆసుపత్రి వార్డులో పక్క మంచం తాతయ్య పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. ఆ మొగుడూ పెళ్ళాల మాటలతోనే ఆయనకు పొద్దు గడుస్తోంది.

ఆమె దర్జీ. కొత్త బట్టలు కుట్టదు, ఉన్నవాటిని సరిచేస్తుంది. బజారులో మెట్ల కింద, మిషనూ ఒక స్టూలూ పట్టేంత కొట్టు. జనం పొట్ట లోపలికి బిగబట్టుకుని వచ్చి నిలబడతారు. ఆమె నవ్వదు, ఎందుకు లావయ్యారని అడగదు. కుట్టు విప్పి, లోపలి మడత బయటికి తీసి, మనిషికి ఊపిరాడేలా చేసి పంపిస్తుంది. ఒంటిని బట్టి గుడ్డ మారాలి గానీ గుడ్డను బట్టి ఒళ్ళు మారకూడదన్నది ఆ కొట్టులో రూలు.

కూతురు జారుడుబల్ల మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు కూడా ఆమె చేసింది అదే. ఆపరేషనై, కట్టు వేసిన మర్నాడే పిల్ల ప్యాంట్లన్నీ పక్క కుట్ల వెంబడి విప్పి టిచ్ బటన్లు పెట్టింది. మంచం మీద దుప్పటిలా పరిచి, పిల్లను పడుకోబెట్టి, టక్కు టక్కున నొక్కేయడమే. కాలు కదపక్కర్లేదు. నర్సులు ఒకరినొకరు పిలుచుకొచ్చి మరీ చూశారు.

ఎముక చక్కగా అతుక్కుంది. మోకాలు మాత్రం కర్రలా బిగుసుకుపోయింది.

"కుర్చీలో కూర్చుంటే పాదం కిందికి వేలాడాలి. వచ్చే వారం నేను చూసేసరికి ఆ మాత్రం వంగకపోతే మళ్ళీ మత్తిచ్చి వంచాలి" అన్నాడు ఎముకల డాక్టరు.

మత్తు అన్న మాటకే ఆమె పిల్ల మంచానికి దగ్గరగా జరిగింది. మొదటిసారి మత్తు దిగుతున్నప్పుడు పిల్ల కళ్ళు తెరిచి, తల్లిని చూసి, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు మొహం తిప్పేసుకుంది. కాసేపటికి అంతా మామూలైపోయింది. ఆ కాసేపు మాత్రం ఆమెకు ఇంకా గుర్తే.

కాలు వంచే వ్యాయామం నేర్పడానికి ఒక అమ్మాయి రోజూ వచ్చేది. పిల్ల ఆమెకు 'వంచుడక్క' అని పేరు పెట్టింది. గుమ్మంలో వంచుడక్క చెప్పుల చప్పుడైతే చాలు, ఇక్కడ ఏడుపు మొదలు.

ఆవేళ వంచుడక్క టిచ్ బటన్లను వేలితో తడిమి చూసింది. "భలే కుట్టారక్కా. మా అమ్మమ్మక్కూడా ఒకటి కావాలి."

"కొలతలు తీసుకురా, కుట్టిస్తా."

"అది సరే గానీ, పొద్దున్నుంచీ ఈ కాలికి వంగే పని ఒక్కటైనా పడిందా?"

ఆమె మంచం వైపు చూసింది. మడమ కింద దిండు. చేతికందేలా నీళ్ళ సీసా, బొమ్మలు, దువ్వెన. ప్యాంటు సరేసరి. అన్నీ తను అమర్చినవే. పిల్ల కాలికి ఆమె ఒక్క పనీ మిగల్చలేదు.

కోపం వచ్చింది. వంచుడక్క మీదో, తన మీదో తేల్చుకోలేక మధ్యాహ్నమంతా మొగుడి మీద చూపించింది. తర్వాత సంచిలోంచి సూదీ దారం తీసింది. టిచ్ బటన్లు ఊడదీసి, ప్యాంటు కుట్లు మళ్ళీ మూసేసింది. మోకాలికి కాస్త కింద, కాలి ముందువైపున, ఒక చిన్న నీలం జేబు కుట్టి అందులో చాక్లెట్టు వేసింది.

"అమ్మా, తీసివ్వవా?"

"నీ ప్యాంటు, నీ జేబు. నేనెందుకు తీస్తాను?"

పిల్ల నడుం వంచి ముందుకు వాలి టక్కున లాగేసుకుంది. వంచుడక్క పడీ పడీ నవ్వింది. "అలా కాదు దొంగా! వీపు దిండుకే ఆనించి ఉంచాలి. చెయ్యి కాలి దగ్గరికి పోకూడదు, కాలే చేతి దగ్గరికి రావాలి."

ఆ మాట తల్లికి సూటిగా తగిలింది. తన కొట్టు రూలు తిరగేస్తే సరిగ్గా ఇదే.

మర్నాడు జేబు రెండు వేళ్ళు కిందికి దిగింది. ఆ మర్నాడు ఇంకో రెండు వేళ్ళు. పిల్ల తిట్టింది, అలిగింది, ఒకసారి స్కేలుతో చాక్లెట్టు పైకి తోడింది. వీపు దిండు వదిలితే చాలు, పేపరు వెనకనుంచి తాతయ్య "ఔట్!" అని అరిచేవాడు.

"తాతయ్యా, నువ్వు పేపరు చదువుకో!"

"చదవడం అయిపోయిందే. ఇప్పుడు నీ మ్యాచే చూస్తున్నా."

మడమ దుప్పటి మీద జరజరా పాకి దగ్గరికి రావడం తల్లి రోజూ చూసింది. కొలత టేపు తియ్యలేదు. ఒక ఒంటి మీద ఎక్కడ పట్టేస్తుందో, ఎక్కడ వదులౌతోందో ఆమె కంటికే తెలుస్తుంది. ఇక్కడ వదులౌతోంది. ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టి "మళ్ళీ" అని ఇప్పుడు తనే చెబుతోంది.

డాక్టరు వచ్చాడు. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టారు. పాదం కిందికి దిగింది. పూర్తిగా కాదు, కొంచెం ముందుకు చాచుకునే ఉంది.

"సగం పైనే వచ్చింది, నేనింత అనుకోలేదు" అన్నాడు డాక్టరు. "మిగతాది మత్తిచ్చి ఒక్కసారే వంచేయొచ్చు, త్వరగా ఇంటికెళ్ళిపోతారు. లేదా ఇలాగే ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండి చెయ్యాలి. రెండిట్లో ఏదైనా ఫరవాలేదు. ఆలోచించుకుని చెప్పండి."

కొట్టు మూసి చాలా రోజులైంది. మొగుడు ఆమె మొహంలోకి చూశాడు. తాతయ్య పేపరు దించాడు.

"మత్తు వద్దు డాక్టరుగారూ, ఉంటాం" అంది ఆమె. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "సాయంత్రం వచ్చేటప్పుడు నీలం దారం తీసుకురండి. రేపు జేబు ఇంకో రెండు వేళ్ళు దించుతాను."