పచ్చ పొట్లం కింద గొంతు

సూఖిమ్ చేతులకు పేరుంది గానీ ఆమె గొంతుకు లేదు. ఆమె వేళ్ళు దూరాయంటే తొడుగుబొమ్మకు ప్రాణం వచ్చేది. కొయ్య రాజు తల గోక్కునేవాడు, కొయ్య దొంగ గోడ దూకేవాడు. మాట మాత్రం తండ్రి హోక్‌లాయిది. ముసలివాడూ, పడుచుపిల్లా, పులీ, యముడూ అందరూ ఆయన ఒక్క గొంతులోంచే వచ్చేవారు. హూవేయ్ ఊరి చుట్టుపక్కల గుళ్ళలో ఏ దేవుడి పుట్టినరోజుకు బొమ్మలాట పెట్టినా హోక్‌లాయి అరవందే ఆ దేవుడు నిద్ర లేవడని జనం వేళాకోళం చేసేవారు.

ఆ గొంతులోనే పుండు లేచింది. డాక్టర్లు స్వరపేటిక కోసి తీసేసి, ఊపిరి కోసం మెడకో రంధ్రం వదిలారు. కోతకు ముందు ఆయన పట్టుబట్టి కూర్చుని, తనకొచ్చిన ఆటలన్నీ కంప్యూటర్లోకి చెప్పేశాడు. ఆ తర్వాత ఆ కంప్యూటర్ పెట్టెలోంచి తండ్రి పలికేవాడు, తెరవెనక కూతురు ఆడించేది. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని తన మాటలు తానే వినేవాడు. ఇంట్లో ఏదైనా అడగాలంటే తెల్లగడ్డం ముసలిబొమ్మను చేతికి తొడుక్కునేవాడు. బొమ్మ తలూపితే సరేనని, కడుపు నిమురుకుంటే ఆకలని.

కంప్యూటర్ మీద పచ్చ పొట్లం ఒకటుండేది. వాళ్ళ దేశంలో అది లేని యంత్రం అరుదు, బ్యాంకులోనూ పెడతారు, ఆసుపత్రిలోనూ పెడతారు. లోపల కొబ్బరి రుచి చిరుతిండి, దాని పేరుకే 'బుద్ధిగా ఉండు' అని అర్థం. పొట్లం ఆకుపచ్చదే కావాలి, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. అలా చూసుకుంటే యంత్రం బుద్ధిగా ఉంటుందని నమ్మకం. సూఖిమ్ ఏ నియమమూ తప్పలేదు. తండ్రి మాటలకు ఇంకో నకలు తీసి వేరేచోట దాచాలన్నది మాత్రం ఆమెకు తట్టలేదు. ఎవరైనా అంటే, "పొట్లం ఉండగా దానికేమవుతుందిలే" అని కొట్టిపారేసేది. ఏం చెప్తాం!

మాత్సు అమ్మవారి పుట్టినరోజు దగ్గరపడిన రోజుల్లో, ఒక ఆట మధ్యలో పెట్టెలోపల టిక్కు టిక్కుమంది. యముడికి నత్తి వచ్చింది. జనం పకపకా నవ్వారు. హోక్‌లాయి స్టూలు మీంచి లేచాడు.

సూఖిమ్ పరుగున వెళ్ళి కొత్త పొట్లం తెచ్చి పెట్టింది. దణ్ణం పెట్టి మళ్ళీ ఆన్ చేసింది. టిక్కు. ఆపి మళ్ళీ చేసింది. ఇంటికొచ్చాకా వదల్లేదు. నాన్న గొంతు ఒక్క ముక్క వినబడితే చాలని చేస్తూనే ఉంది, చేస్తూనే ఉంది. చివరికి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తాయ్‌చుంగ్‌లో చెడిపోయిన డిస్కుల్లోంచి సమాచారం లాగేవాడు యెన్ అని ఒకడున్నాడు. సూఖిమ్ తెచ్చిచ్చిన కంప్యూటర్ డిస్కును దుమ్ము చొరని గాజుపెట్టెలో విప్పి, ఆమెను పిలిచాడు.

"అక్కా, చప్పుడు మొదలయ్యాక ఎన్నిసార్లు ఆన్ చేశారు?"

"లెక్కెవరు పెట్టారు తమ్ముడూ! ఇప్పుడైనా పలక్కపోతుందా అని చేశా."

డిస్కు లోపల అద్దంలా మెరవాల్సిన పళ్ళెం నిండా గుండ్రటి గీరలు. "చదివే ముల్లు దీన్ని తాకకుండా పైన తిరగాలక్కా. మీది కూలబడింది. ఆన్ చేసినప్పుడల్లా గీకేసింది."

"గీకినచోట ఉన్న మాటలో?"

యెన్ డిస్కు మూలన పేరుకున్న నల్లపొడి చూపించాడు.

"ఏదోలా చెయ్యి తమ్ముడూ. నీ కాళ్ళు పట్టుకుంటా."

"పిండైపోయాక మళ్ళీ గింజ చెయ్యమంటే ఎలా అక్కా?"

"మొదటి టిక్కుకే ఆపి తెచ్చుంటే?"

"కొంత వచ్చేదేమో."

"ఏమో అనకు. వచ్చేదా, రాదా?"

యెన్ తల దించుకున్నాడు. "వచ్చేది."

అతని బల్ల మీది కంప్యూటర్ పైనా పచ్చ పొట్లమే ఉంది. అది చూసి ఆమెకు ఒళ్ళు మండింది. "నువ్వూ పెట్టుకున్నావుగా!" అంది.

"పెడతానక్కా. నకలు తీశాకే పెడతా."

చేతులు కాలాక ఆ మాట విని ఏం లాభం? బస్సులో దారిపొడవునా తండ్రికి ఎలా చెప్పాలో కూడబలుక్కుంది. ఒక్క మాటా కుదరలేదు.

గుమ్మంలోనే హోక్‌లాయి ఎదురొచ్చాడు. చేతికి ముసలిబొమ్మ ఉంది. బొమ్మ రెండు చేతులూ చాపింది. ఏమైందని.

సూఖిమ్ గోడకున్న పడుచుపిల్ల బొమ్మను తీసి తొడుక్కుంది. ఎన్ని ఆటల్లోనో ఎగిరి గంతులేసిన ఆ బొమ్మ మెల్లగా తల అడ్డంగా ఊపింది.

ముసలిబొమ్మ చేతులు దించేసింది. కాసేపటికి దగ్గరకొచ్చి, తన చిన్న పట్టుచొక్కా అంచుతో సూఖిమ్ చెంపలు తుడిచింది.

"నేనే చేశా నాన్నా. ఆపకుండా నా చేతుల్తో నేనే గీకేశా. అలా ఊరుకోకు, తిట్టు! ఒక్కసారి తిట్టు నాన్నా!"

హోక్‌లాయి నోరు తెరిచాడు. మెడ రంధ్రంలోంచి గాలి బుస్సుమంది. ఆ గాలికి బొమ్మ తెల్లగడ్డం కదిలింది.