ముట్టించనన్న మాట

ఆళ్లగడ్డలో ఏలీయా అంటే ఎవరికీ తెలియదు. బీడీల ఏలీయా అంటే బస్టాండులో ఎవర్నడిగినా చూపిస్తారు. శిరివెళ్ల మీదుగా నంద్యాలకు ఆటో తోలే మనిషి. పద్నాలుగో ఏట మొదలుపెట్టి ముప్పై ఏళ్లు, రోజుకు రెండు కట్టల చొప్పున ఊదిపారేశాడు. దానికి ఆయన పడ్డ శిక్ష ఒకటుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి భార్యాభర్తలు జంటగా ముందుకు పోయి మోకరిస్తారు. పొగ తాగేవాడికి అక్కడ చోటు లేదు, ఆ సంఘం కట్టడి అది. పెళ్లయిన నాటి నుంచి ఆయన భార్య దేవమ్మ ఒక్కతే పోయేది. ఏలీయా మగవాళ్ల వరసలో చివర కూర్చుని చూసేవాడు.

అదేమంత కష్టం అంటారేమో. పంతొమ్మిదేళ్లు అట్లా కూర్చుని చూసి అప్పుడు చెప్పండి.

మానాలని చూడలేదా అంటే, చూశాడు. లవంగాలు నమిలాడు, సోంపు నమిలాడు, ఉపవాస ప్రార్థనల్లో ఏడ్చాడు. నాలుగో రోజుకల్లా చెయ్యి దానంతట అదే జేబులోకి పోయేది. నంద్యాలలో డాక్టరు ఎక్స్‌రే చూసి "ఇట్లే ఊదుకుంటా పోతే ఆటో కాదు, మంచం గూడా దిగలేవు" అన్నాడు. దానికి కూడా ఆయన అంతగా భయపడలేదు. "నేను సచ్చేలోపల ఒక్కసారన్నా నా పక్కన మోకరిస్తావా?" అని దేవమ్మ అడిగిన మాట మాత్రం ఆయన్ను తిన్న తిండి ఒంటబట్టనీయలేదు.

2009 ఎండాకాలంలో దేవమ్మ తమ్ముడు వినీత్ హైదరాబాదు నుంచి ఒక యంత్రం తెచ్చిచ్చాడు. చూడటానికి సిగరెట్టే. పీలిస్తే కొసన ఎర్ర లైటు వెలుగుతుంది. నిప్పు లేదు, బూడిద లేదు, నోట్లోంచి మాత్రం తెల్లగా ఆవిరి వస్తుంది. సెల్‌ఫోనుకు పెట్టినట్టు చార్జింగు పెట్టాలి. "బీడీలో ఉండే నికోటిన్ దీంట్లో గూడా ఉంటాది బావా, కాకుంటే పొగాకు కాల్చేది లేదు. దీన్ని పట్టుకోని కొందరు మానినారంట, కొందరికి కాలేదంట. చూడు మళ్ల" అన్నాడు వినీత్.

ఏలీయాకు అది పనికొచ్చింది. టీ బంకు దగ్గర తోటి డ్రైవర్లు "ఏందన్నా, బీడీకి కరెంటు పెట్టించుకున్నావా?" అని ఎగతాళి చేసినా నవ్వి ఊరుకున్నాడు. మూడు నెలలు ఒక్క బీడీ లేదు. దగ్గు తగ్గింది. అప్పుడు ధైర్యం చేసి సంఘ పెద్దల ముందు నిలబడి "ఇంక జన్మలో బీడీ ముట్టించను" అన్నాడు.

యంత్రం సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, నిప్పే లేనిది పొగ ఎట్లా అవుతుందనుకున్నాడు. మందుబిళ్ల మింగేవాడు పెద్దలను అడిగి మింగుతాడా? సంఘ కార్యదర్శి మత్తయి రిటైరైన పంతులు. ఆయన పుస్తకంలో తన ముత్యాల్లాంటి అక్షరాలతో "పొగ ముట్టనని ప్రమాణం చేశాడు" అని రాసుకున్నాడు. ఏలీయా చదవకుండా సంతకం పెట్టాడు. వచ్చే నెల బల్లకు రమ్మన్నారు. దేవమ్మ కాలు నేల మీద నిలవలేదు. తెల్లచీర ఉతికి, ఇస్త్రీ చేయించి దాచుకుంది.

బల్లకు నాలుగు రోజుల ముందు, అదే సంఘంలోని హన్నమ్మ శిరివెళ్లలో ఏలీయా ఆటో ఎక్కింది. అద్దంలో ఎర్ర లైటూ, తెల్ల పొగా చూసింది. దారి పొడుగునా నోరు మెదపలేదు. దిగాక ఊరుకుంటుందా? ఏలీయా బీడీలు మాని సిగరెట్లకు ఎక్కాడని పొద్దుగూకేసరికి సంఘమంతా కోడై కూసింది.

శనివారం పిలిపించారు. ఏలీయా యంత్రం తీసి బెంచీ మీద పెట్టాడు.

"ఏందప్పా ఇది?" అన్నాడు మత్తయి.

"బీడీ మానేదానికి సార్. నిప్పు లేదు, ముట్టించేది లేదు."

"నోట్లోంచి పొగ వస్తాందా లేదా?"

"అది ఆవిరి సార్."

"ఇడ్లీపాత్రవా నువ్వు, ఆవిరి వచ్చేదానికి?"

అందరూ నవ్వారు. మత్తయి పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. "ముట్టనని సంతకం చేసినావు."

"నేను చెప్పింది ముట్టించనని సార్. ముట్టనని మీరు రాసుకున్నారు."

"రెండూ ఒకటే గదప్పా."

ఎట్లా ఒకటవుతాయి? తాకడం వేరు, అంటించడం వేరు. ఆటో తోలేవాడికి తెలిసిన తేడా ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన పంతులుకు తెలియలేదు. పైగా తీర్పు చెబుతూ చెబుతూనే డబ్బీ తీసి చిటికెడు ముక్కుపొడి ఎక్కించాడు మత్తయి. అదేం పొగాకు కాదట! కడుపు మండిపోదూ?

పాస్టరు అయ్యగారు మెత్తటి మనిషి. "ఈ నెల వద్దులే ఏలీయా. దాన్ని ఈడ ఇచ్చేసిపో, వచ్చే నెల వద్దువుగాని" అన్నాడు. ఏలీయా ఇచ్చేసి వచ్చాడు. దేవమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ఎప్పటిలాగే ఒక్కతే పోయి మోకరించింది.

తొమ్మిదో రోజున రోడ్డు పక్క కంపచెట్ల చాటున ఏలీయా బీడీ ముట్టించాడు. తర్వాత లెక్కే లేదు.

మరుసటి నెల నోటినిండా యాలకులు నములుతూ దేవమ్మ పక్కన మోకరించాడు. రొట్టె అందించేటప్పుడు అయ్యగారికి వాసన కొట్టకుండా ఉండదు, అయినా చేతిలో పెట్టి ముందుకు జరిగాడు. మత్తయి అందరికంటే ముందొచ్చి చెయ్యి కలిపి "దేవుడు గొప్ప కార్యం చేసినాడప్పా" అన్నాడు.

ఇల్లు చేరాక దేవమ్మ అడిగింది.

"పక్కన మోకరించినావే, ఆ వాసన నాకు రాలేదనుకుంటివా?"

"నీ కోసరమే గదా నేను పోయింది."

"అబద్ధం మోసుకోని రమ్మని నేను అడిగితినా? ఆ కరెంటుదే నయం. అది పీల్చే దినాల్లో నిజం చెప్పినావు, నిన్ను రావద్దనిరి."

ఆ పై నెల దేవమ్మ బల్లకు లేవలేదు. దాని తర్వాతి నెలా లేవలేదు. ఏలీయాకు మాత్రం లేవక తప్పదు, కూర్చుంటే తాగుతున్నాడని తెలిసిపోతుంది. దగ్గు మింగుకుంటూ జంటల మధ్యన ఒక్కడే పోయి మోకరిస్తాడు. ఏమైందమ్మా అని హన్నమ్మ అడిగితే, ఒంట్లో బాగలేదంటుంది దేవమ్మ. అబద్ధమాడటం ఆమెకు అంతకుముందు తెలియదు.