నాన్న ప్రేమతో రాసిచ్చిన ఇల్లు

అమ్మకి మూత్రపిండాలు పాడయ్యాయని తేలిన ఏడాదే నాన్న పలాసలోని మా ఇల్లు అమ్మకానికి పెట్టాడు. వారానికి రెండుసార్లు ఆమెను విశాఖ తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించాలి. జీడిపప్పు బట్టీలో గుమస్తాగా నాన్నకి వచ్చే జీతం ఏ మూలకి? బయటివాళ్లకి అమ్మేస్తే అమ్మని ఎక్కడ పడుకోబెడతాం? నందిగాంలో టీచరు ఉద్యోగం చేస్తున్నాను కనుక నాకు బ్యాంకులో అప్పు పుడుతుంది. నేనే కొంటానన్నాను.

నాన్న ససేమిరా అన్నాడు. కూతురింట్లో మంచినీళ్లు తాగడానికే మొహమాటపడే మనిషి, కూతురి సొమ్ముకి చెయ్యి చాపుతాడా? అమ్మ కాళ్ల వాపు చూసి చివరికి దిగివచ్చాడు. తీరా రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు రాసే రైటరు ముందు కూర్చున్నాక మళ్లీ మొండికేశాడు.

"కూతురికి ఇల్లు అమ్ముకున్నాడంటే నానెక్కడ తలెత్తుకోను? పేమతో ఇచ్చినానని రాయండి బాబూ."

"డబ్బు ఇత్తన్నాను కదా నాన్నా, కొన్నట్టే రాయనీ."

"డబ్బు మనింట్లో మాట. కాయితానికేటి పని?"

నేను సరేనన్నాను. నలుగురికి చదువు చెప్పేదాన్ని, నాకైనా బుద్ధి ఉండాలి. తెచ్చిన అప్పు మొత్తం ఇంట్లో నాన్న ముందు పెడితే, గోడవైపు తిరిగి కండువాలో మూట కట్టుకున్నాడు. అదంతా నెలల్లోనే ఆస్పత్రికి చెల్లిపోయింది.

ఆయన నాకు చెప్పనిది ఒకటుంది. అంతకు ముందెప్పుడో స్నేహితుడైన ఒక జీడిపప్పు వ్యాపారి అప్పుకి జామీను సంతకం పెట్టాడు. ఆ మహానుభావుడు దివాలా తీసి ఊరొదిలి పారిపోయాడు. అప్పిచ్చినవాడు నాన్న మీద పడ్డాడు. నా దగ్గరేమీ లేదని నాన్న అంటే, మొన్నటిదాకా ఉన్న ఇల్లు ఏమైందని అడిగాడు. బాకీ ఎగ్గొట్టడానికే కూతురికి ఊరికే రాసిచ్చాడని మా ఇద్దరి మీదా దావా వేశాడు.

"మీరు డబ్బు పెట్టే కొన్నారని మీ నాన్న కోర్టులో చెప్పాలమ్మా. ఆస్పత్రి రసీదులున్నాయి. ఆయన నోటితో ఒప్పుకుంటేనే ఏదైనా ఆశ" అన్నాడు మా లాయరు.

వారం రోజులు నాన్నని బతిమాలాను. కాళ్లు కూడా పట్టుకున్నాను.

"సెప్తానులేమ్మా" అన్నాడు.

వాయిదా రోజున టెక్కలి కోర్టులో వెనక బెంచీల మీద మా చుట్టాలు వరసగా కూర్చున్నారు. మీ అమ్మాయి దగ్గర డబ్బు తీసుకున్నారా అని లాయరు అడిగాడు. నాన్న ఒకసారి తల తిప్పి చుట్టాల్ని చూశాడు.

"నా కూతురి సొమ్ము నాను ముట్టలేదు బాబూ. పేమతోనే ఇచ్చినాను."

కన్నతండ్రి మీద నాకు అసహ్యం వేసింది. ఆ ఒక్క మాటతో ఇల్లు పోయింది. దాని కోసం చేసిన అప్పుకి మాత్రం నా జీతంలో నెలనెలా కోత పడుతూనే ఉంటుంది.

టెక్కలి నుంచి పలాసకి బస్సెక్కాం. కండక్టరు రాగానే పర్సు తీయబోయాను. నాన్న నా చెయ్యి తోసేసి, జేబులో ఉన్న ముడతల నోట్లన్నీ ఇచ్చి రెండు టికెట్లూ తనే తీసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎల్లుండి అమ్మని దేంతో తీసుకెళ్తావు విశాఖ?" అన్నాను.

"నువ్వున్నావు కదమ్మా" అన్నాడు నాన్న.