అక్క కబురు మోసిన రోజు

మా పక్కింటి అక్క పోయింది. ఆ కబురు ఊరికి చెప్పవలసిన మనిషిని నేనే అయ్యాను.

మా అమ్మాయి ఉద్యోగం జర్మనీలో, పాడర్‌బోర్న్‌లో. మేం ఉండేది మాత్రం బస్సు చివరి స్టాపు దాటాక వచ్చే ఈ పల్లెలో. బార్లీ చేల మధ్య గుప్పెడు ఇళ్లు, గుట్ట మీద రాతి చర్చి, దాని వెనక తిరుగుతూనే ఉండే గాలిమరలు. ఫాదర్ నెలకోసారి వస్తాడు. మిగతా రోజుల్లో తాళం తీసేది, ఊడ్చేది, గంట కొట్టేది అక్కే. ఈ ఊరి ఆవిడే, నాకంటే పెద్దదని అక్కా అనేదాన్ని. "చర్చి చిన్నదయితే నడుముకి సుఖం" అనేది. నాకొచ్చిన నాలుగు జర్మన్ ముక్కలూ చీపురు పట్టుకుని ఆమె వెనకాల తిరుగుతూ నేర్చుకున్నవే.

ఇక్కడొక ఆచారం ఉంది. ఎవరైనా పోతే పక్కింటివాళ్లు గుమ్మం గుమ్మానికీ వెళ్లి నోటితో చెప్పాలి. అందరికీ తెలిశాకే గంట. అది విన్నప్పటి నుంచి నాకు దిగులే. రాని భాష, పైగా బొట్టు లేని మొహం. మా ఊళ్లో నేను ఎదురొస్తే జనం వెనక్కి వెళ్లి, కాసేపు కూర్చుని బయల్దేరేవారు. ఆ సంగతి అమ్మాయి చేత చెప్పించాను. అక్క నవ్వింది.

"దిగులంతా ఇవాళే పడితే రేపేం చేస్తావు? నా పక్కిల్లు నీదే. చెప్పేది నువ్వే."

రోజూ పొద్దున్నే ఆమె వంటింటి కిటికీ షట్టర్ పైకి లాగిన చప్పుడు వింటే గాని నేను పొయ్యి దగ్గరికి వెళ్లను. మొన్న ఆ చప్పుడు రాలేదు. అమ్మాయి వెళ్లి చూసింది. నిద్రలోనే పోయింది.

"వాట్సాప్‌లో పెట్టేస్తాలే అమ్మా. ఈ గాలిలో ఎక్కడ తిరుగుతావు?"

"వద్దే. నన్ను చెప్పమంది."

"ఏమని చెప్తావు?"

"అక్క పోయిందని. ఇంకేముంది చెప్పడానికి?"

శాలువా కప్పుకుని బయల్దేరాను. ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టాను. తలుపు తీసినవాళ్లు విని నా చెయ్యి పట్టుకున్నారు. ఒక్కరూ మొహం తిప్పుకోలేదు. చివరిది చేనవతల ఇల్లు. ఒంటరి రైతు. విని, టోపీ తీశాడు.

"ఇంక నా పక్కన ఎవరూ లేరు" అన్నాను. నా దిగులు నాది.

"చేను అడ్డమైతేనేం, నేనున్నాగా. నీ కిటికీ ఇక్కడికి కనిపిస్తుంది" అని, గంట కొట్టడానికి గుట్టెక్కాడు.

ఇప్పుడు నిద్ర పట్టినా పట్టకపోయినా పొద్దున్నే నా షట్టర్ పైకి లాగుతున్నాను. అక్క కిటికీ మూసే ఉంటుంది. చేనవతల ఒక టోపీ పైకి లేచి, మళ్లీ దిగుతుంది.