పిచ్చయ్య సారు మొట్టికాయ

మార్కాపురంలో పలకల పనివాళ్లు పలకను చూసి ఊరుకోరు, వేలి కణుపుతో కొట్టి వింటారు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే లోపల బీట ఉన్నట్టే. అలాంటి ఇంట్లో పుట్టిన పిచ్చయ్య డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ సారయ్యాడు గానీ, ఆయన వేలు మాత్రం పలకల షెడ్డు దాటి రాలేదు. పుచ్చకాయ, తలుపు, పిల్లల తలలు, దేన్నయినా కొట్టి తీర్పు చెప్పేవాడు.

పాలిమర్ల పాఠంలో మాత్రం ఆయన కవి.

"ఇథిలీన్ ఒక బోగీ. బోగీలన్నీ తగిలిస్తే కంభం దాటిపోయే గూడ్సు బండి, అదే పాలిథీన్. వేడి తగిల్తే పక్కపక్క బండ్లు జారతాయి, మెత్తబడతాయి. అది థర్మోప్లాస్టిక్. బండికీ బండికీ అడ్డంగా కడ్డీలు అతికినామనుకో, ఇంక కదల్లేవు. అది థర్మోసెట్. గట్టి హోటలు ప్లేట్లు చేసే మెలమైన్ అట్లాంటిదే."

ఏటా అదే రైలు. ప్రయోగం ఒక్కటీ లేదు.

ఈసారి తప్పలేదు. డిపార్ట్‌మెంటు హెడ్డు కుర్చీ ఖాళీ అయింది. ప్రయోగం చేసి మెప్పించినవాళ్లకే ఇస్తానన్నాడు ప్రిన్సిపాల్. పిచ్చయ్య వెళ్లి ఆ కుర్చీని కూడా కొట్టి చూసుకొచ్చాడు.

పొద్దున వంటింట్లో, చుట్టాలొస్తే తీసే తెల్లప్లేటును మొట్టాడు. ఖంగుమంది.

"మెలమైన్," అన్నాడు.

"ఏమయ్యా, దోర్నాల్లో తోపుడుబండి కాడ కొన్నదది. అమ్మినోడికే తెలీదు, నీకెట్ల తెలిసె?" అంది భార్య సామ్రాజ్యం.

"వేలికి తెలుసు."

క్లాసులో, ప్రిన్సిపాల్ ఎదుట, ఆ తెల్లప్లేటు కింద బర్నరు వెలిగింది. "మంట దీన్నేం చేయలేదు, చూడండి," అన్నాడు. మంట అడిగింది, ప్లేటు ఒప్పుకుంది. నిద్రొచ్చిన పసిపాప మెడలా అంచు వాలిపోయింది. నల్లటి మసి తీగలు గాల్లో అల్లుకున్నాయి.

"సార్, గూడ్సు బండి కదిలినాది!" అంది ముందు బెంచీలోంచి యామిని.

మోతకూ కడ్డీలకూ సంబంధం లేదు. అది పాలీస్టైరీన్, ఖంగుమనే చవక థర్మోప్లాస్టిక్. ఆ ముక్క ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకునే చెప్పాడు ప్రిన్సిపాల్. కుర్చీ అదే డిపార్ట్‌మెంటులోని కేథరిన్ మేడంకు పోయింది.

మధ్యాహ్నం సామ్రాజ్యం ఆ వంకర ప్లేటులోనే అన్నం వడ్డించింది. పప్పంతా ఒక మూలకు పారింది. పిచ్చయ్య ప్లేటు అంచును మొట్టాడు. ఖంగుమంది.

"విన్నావా? మెలమైనే. ఆ మంటలోనే ఏందో తేడా ఉండాది."

"పప్పు కారిపోతాంది, ముందు తిను," అంది ఆమె.