ఈనక్ బాబాయి చెవిలో టిక్కు

మా ఈనక్ గార్‌సైడ్ బాబాయికి ఎవరికీ వినపడని శబ్దాలు వినపడేవి. దయ్యాల మాటలో దేవదూతల పాటలో అయితే ఊరంతా గౌరవించేది. ఆయనకు వినపడేది ఒక్కటే, టిక్. ఇంగ్లండులోని కావెంట్రీలో మా మార్ల్‌బీ కార్ల ఫ్యాక్టరీ నుంచి వెళ్లే ప్రతి కారునూ చివరిసారి రోడ్డు మీద నడిపి, బాగుందని చెప్పాల్సినవాడు ఆయనే. ఆ మాట ఆయన నోటి వెంట విన్నవాళ్లు తక్కువ.

మార్ల్‌బీ కారంటే ఆ రోజుల్లో మాటలు కాదు. ప్రభువులు కొనేవాళ్లు, మేం చేసేవాళ్లం. ఇంజను నడుస్తోందో ఆగిపోయిందో తెలియక డ్రైవర్లు దిగి చూసేవారని మేం గొప్పలు పోయేవాళ్లం. అలాంటి బండెక్కి, పొగతాగే పైపు పళ్ల మధ్య బిగించి, దాని గిన్నెను స్టీరింగుకి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు బాబాయి. అవును, బండి నడుపుతూనే.

"టిక్ మంది," అనేవాడు తిరిగొచ్చి.

"ఎక్కడ బాబాయ్?"

"వెనక సీట్లో."

ఆ సీటు తోలు కుట్టింది నేను. నాకు ఒళ్లు మండేది. "నా కుట్లు టిక్కుమంటాయా?"

"కుట్టు కాదమ్మాయ్. లోపల కూరిన గుర్రపు వెంట్రుకలున్నాయే, వాటిలో రెండు పోట్లాడుకుంటున్నాయి."

సీటంతా విప్పితే ఏమీ ఉండేది కాదు. ఆయన్ని తిట్టుకుంటూ మళ్లీ కుట్టేవాళ్లం.

ఈ జబ్బు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగేది కాదు. చర్చిలో పాస్టరుగారు నరకాన్ని కళ్లకు కట్టిస్తుంటే, ఈయన లేచి, "మూడో బెంచీకి మేకు వదులైంది," అన్నాడు. పబ్బులో బీరు తాగుతున్న పెద్దమనిషి మోకాలికి చెవి ఆనించి, "నూనె వెయ్యాలి," అన్నాడు. ఇక వాళ్లావిడ మార్తా పిన్ని గోడు వినాల్సిందే. "మా పెళ్లిలో కడదాకా తోడుంటానని నేను ఏడుస్తూ ప్రమాణం చేస్తున్నానా, ఈ మహానుభావుడు వంగి, 'నీ ఎడమ చెప్పు కిర్రుమంటోంది' అన్నాడే!"

ఆ టిక్కు ఎక్కువగా శుక్రవారం సాయంత్రమే పలికేది. శనివారం పొద్దున కొన్నవాళ్ల ఇంటికి చేరాల్సిన బండి సోమవారం దాకా ఆగిపోయేది. దానివల్ల ఒక్కోసారి మంచీ జరిగేది. మా కుట్టు షెడ్డులో పనిచేసే హెట్టీకి ఓ శనివారం పెళ్లి; ఆ రోజు వాన దంచేస్తుంటే, అదృష్టం కొద్దీ బాబాయి బండి పరీక్ష చేస్తూ వాళ్ల వీధిలోకే వచ్చి, ఎక్కించుకుని చర్చి దగ్గర దింపాడు. ఆ మరుసటి నెల ఎల్సీకీ అదే అదృష్టం పట్టింది. మా షెడ్డు ఆడపిల్లల జాతకాలు బాగున్నాయనుకున్నాం.

అంతలో దేశానికి గడ్డుకాలం వచ్చింది. కార్లు కొనేవాళ్లు తగ్గారు. ఉన్నవాళ్లనైనా నిలుపుకోవాలని కంపెనీ లండన్ నుంచి క్రెయిల్ గారనే కొత్త మేనేజరును దింపింది. మనిషి నవ్వగా ఎవరూ చూడలేదు. ఓ శుక్రవారం సాయంత్రం బాబాయి అలవాటుగా "టిక్ మంది," అనగానే క్రెయిల్ గారు దగ్గరికొచ్చారు.

"రేపు మీ పక్కన నేనూ కూర్చుంటాను, గార్‌సైడ్. ఆ శబ్దం నాకూ వినపడాలి. వినపడకపోతే సోమవారం నుంచి మీరు పనిలోకి రానక్కర్లేదు."

ఆ శనివారమే నా పెళ్లి.

నేనూ నాన్నా నడిచే పోదామని గుమ్మం దాటేసరికి, ఆకుపచ్చ మార్ల్‌బీ మా ఇంటి ముందు ఆగి ఉంది. ముందు సీట్లో క్రెయిల్ గారు, కొయ్య బొమ్మలా.

"వెనక బరువు లేనిదే ఆ టిక్కు పలకదు సార్," అంటున్నాడు బాబాయి. "ఇసక బస్తాలు దొరకలేదు. వీళ్లు సరిపోతారు."

మా ఫ్యాక్టరీలోనే పనిచేసే నాన్న కంగారుపడ్డాడు. "నేనా? మార్ల్‌బీలోనా? ఒరే ఈనక్, నీకేమైనా..."

"ఇసక బస్తాలు మాట్లాడవు సైలస్. ఎక్కు."

బండి కదిలింది. నేను కుట్టిన సీట్లో నేనే కూర్చోవడం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో! నేనూ చెవులు రిక్కించాను. టిక్కు లేదు, టక్కు లేదు. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. హెట్టీ వానా, ఎల్సీ అదృష్టం, ఈ శుక్రవారపు టిక్కులూ అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇన్నాళ్లూ ఈయన్నా నేను తిట్టింది! ఇప్పుడు నా పెళ్లికోసం బాబాయి ఉద్యోగమే పోతోంది! ఏం చెయ్యాలో తోచక మడమతో నేల మీద మెల్లిగా కొట్టాను. టిక్.

క్రెయిల్ గారు తిరక్కుండానే అన్నారు. "అది మీ చెప్పు చప్పుడమ్మా."

చర్చి ముందు బండి ఆగింది. నాన్న దిగలేదు. తలుపును అరచేత్తో నిమురుతున్నాడు.

"ఒక్క నిమిషం సార్. దీన్ని లోపలి వైపు నుంచి ఎప్పుడూ చూళ్లేదు."

"ఈ రంగు మీరు వేశారా?"

"ఇరవయ్యేళ్లుగా ఇదే పని సార్."

"ఒక్కసారీ ఎక్కలేదా?"

"ఎందుకెక్కుతాం సార్? కొనేది మేమా?" అని నవ్వేశాడు నాన్న.

క్రెయిల్ గారు టోపీ తీసి చూసుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"టిక్ మంది, గార్‌సైడ్," అన్నారు. "స్పష్టంగా విన్నాను. వెళ్లేటప్పుడు పెళ్లికొడుకు బరువు కూడా వేసి చూడండి."

నాకు ఆయన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. బాబాయి ముఖం మాత్రం బీట్‌రూట్ దుంపైంది.

"ఈ బండిలోనా? అసంభవం! నట్టు నట్టూ నా చేత్తో బిగించాను. సార్, ఈ బండిలో అసలు శబ్దమే..."

గేటు దగ్గరున్న మార్తా పిన్ని పరుగున వచ్చి ఆయన కాలు తొక్కింది.

నేను ప్రమాణం చేస్తున్నంతసేపూ బాబాయి చర్చిలో లేడు. ఉన్న ఒక్క మంచి సూటుతో బండి కింద దూరాడు. విందులో క్రెయిల్ గారు పంది మాంసం కూరి కాల్చిన రొట్టె రెండో ముక్క తింటుండగా, మోచేతుల దాకా గ్రీజుతో వచ్చి, ఏడుపు గొంతుతో బతిమాలాడు.

"దొరకలేదు సార్. ఎక్కడ విన్నారో చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"సరిగ్గా చెప్పలేను. వచ్చే శనివారం మళ్లీ వింటాను," అని క్రెయిల్ గారు మూతి తుడుచుకున్నారు. "ఆ రోజు పెళ్లెవరిది?"

అందరం నవ్వాం. బాబాయి నవ్వలేదు. నాకు మనవలు పుట్టాక కూడా, వీధిలో కనపడితే చాలు, నన్ను పక్కకు లాగేవాడు.

"ఒట్టేసి చెప్పమ్మాయ్. నీ పెళ్లి బండిలో ఏం మోగింది?"